మదనపల్లె ఐదో వరస: 70 ఏళ్ల కిందటి లెక్క మీ ఫోన్‌లో మళ్ళీ నడుస్తుంది



నాలుగు అంకెలు చెప్తా, నోట్ చేసుకోండి. 33. 5036. 47. 5761. వీడియో అయ్యేలోపు వీటితో మీరే ఒక లెక్క చేస్తారు. భయపడొద్దు, ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

మదనపల్లె పేరు వింటే మనకి ఏం గుర్తొస్తుంది? టమోటా మార్కెట్. హార్స్‌లీ హిల్స్. కొంచెం చదువుకున్నవాళ్లయితే, 1919 ఫిబ్రవరిలో టాగూర్ బీసెంట్ కాలేజీకి వచ్చి జనగణమనని ఇంగ్లీషులో రాసిన సంగతి చెప్తారు. ఈ నాలుగు అంకెల గురించి మాత్రం మదనపల్లెలో పుట్టి పెరిగినవాళ్లకి కూడా తెలియదు. కానీ గణాంక శాస్త్రం నేర్చుకునేవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా సరే, చాలామంది ఒక్కసారైనా వీటిని స్క్రీన్ మీద చూసే ఉంటారు.

ఎట్లా అంటారా? ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మెటాఫర్ అని ఒక ప్యాకేజీ ఉంది. వేరువేరు చోట్ల జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఒక్క లెక్కగా చూడటాన్ని మెటా అనాలిసిస్ అంటారు, దానికోసం వాడేది ఇది. నేర్చుకునేవాళ్లు చేయి తిప్పుకోవడానికి దాంతోపాటు ఒక చిన్న టేబుల్ వస్తుంది. మొత్తం 13 వరసలు. అందులో ఐదో వరస మదనపల్లెది. ఊరి పేరు ఉండదు. ఫ్రిమోడ్ట్ మోలర్ అని ఒక డాక్టర్ పేరు, 1973 అని సంవత్సరం, తర్వాత మన నాలుగు అంకెలు, ఆ తర్వాత 13 అని ఒక అక్షాంశం.

ఇవాళ్టి టాపిక్ కంప్యుటేషనల్ నోట్‌బుక్‌లు. అంటే కోడ్, దాని జవాబు, దాని వివరణ మూడూ ఒకే పేజీలో ఉండే ఫైళ్లు. వాటిని వెబ్‌సైట్‌లో పోస్టులుగా ఎట్లా పెడతారు, ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది అనేది చరిత్ర. ఆ చరిత్రని అమెరికా నుంచి కాకుండా మదనపల్లె నుంచి మొదలుపెడదాం. ఎందుకంటే లెక్క ఎందుకు బతుకుతుంది, ఎందుకు చచ్చిపోతుంది అన్నది ఈ ఐదో వరస చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు.

ఆరోగ్యవరం

మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పొడి గాలి, చల్లటి రాత్రులు. క్షయకి మందు లేని రోజుల్లో డాక్టర్లు చెప్పగలిగింది మూడే: మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతకు 30 ఏళ్ల ముందే, 1912లో, చాలా క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఒక టీబీ శానిటోరియం మొదలుపెట్టాయి. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అనేది అసలు పేరు. మనవాళ్లు పిలిచేది ఆరోగ్యవరం.

శానిటోరియం అంటే రోగి మన దగ్గరికి వస్తాడు, మనం చూస్తాం. కానీ ఆస్పత్రికి రానివాళ్ల సంగతేంటి? పల్లెల్లో నిజంగా ఎంతమందికి క్షయ ఉంది? ఈ ప్రశ్న పట్టుకుని 1950లో డాక్టర్ జొహానెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ టీమ్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లోకి దిగింది. 1950 నుంచి 1955 దాకా చేసిన ఈ సర్వే 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. వంద పేజీలు దాటిన రిపోర్టు అది. ఇంకో చిన్న విషయం చూడండి. సర్వే మొదలైనప్పుడు మదనపల్లె మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, చిత్తూరు జిల్లా ఇటు వచ్చేసింది. అంటే లెక్క మొదలైంది ఒక రాష్ట్రంలో, ముగిసింది ఇంకో రాష్ట్రంలో. పల్లెలు మాత్రం అవే.

అదే పల్లెల్లో వాళ్లు ఇంకో పని కూడా చేశారు. బీసీజీ టీకా పని చేస్తుందా లేదా అని పరీక్షించారు.

బీసీజీ ఫ్రాన్స్‌లో తయారైన టీకా. మనిషికి మొదట ఇచ్చింది 1921లో. మన దేశంలోకి వచ్చింది 1948లో. వచ్చీ రాగానే గొడవ కూడా వచ్చింది. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసి దిగిపోయిన రాజాజీ 1955లో బీసీజీని నేను ఎందుకు వ్యతిరేకిస్తున్నాను అంటూ ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. లక్షల మంది పిల్లలకి సూది వేసేముందు రుజువు అడగడం తప్పెట్లా అవుతుంది? ప్రశ్న న్యాయమైందే. కాకపోతే దానికి జవాబు ఉపన్యాసాల్లో దొరకదు, పల్లెల్లో లెక్కపెడితేనే దొరుకుతుంది.

ఒకరికి సూది, పక్కవారికి లేదు

పద్ధతి ఇట్లా ఉంటుంది. ముందు చర్మం మీద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేస్తారు. వాపు వస్తే ఆ మనిషి శరీరానికి క్షయ క్రిమితో ఇదివరకే పరిచయం ఉందని అర్థం. వాపు రానివాళ్లని పక్కకి తీసి, వాళ్లలో ఒకరికి టీకా, తర్వాతి వారికి లేదు, ఆ తర్వాతి వారికి టీకా, ఇట్లా వంతులవారీగా రెండు గుంపులు చేస్తారు. ఆపైన సంవత్సరాల తరబడి రెండు గుంపుల్లో ఎవరికి క్షయ వచ్చిందో చూస్తూ పోతారు. టేబుల్‌లో ఐదో వరస చివరి గడిలో ఈ వంతులవారీ పద్ధతి గురించి కూడా ఒక మాట రాసి ఉంటుంది.

వంతులవారీ అనేది చీటీ తీసినంత గట్టి పద్ధతి కాదు. తర్వాత ఎవరికి ఏం వస్తుందో ముందే తెలిసిపోతుంది కాబట్టి, ఎవరైనా వరసని అటూ ఇటూ మార్చే వీలుంటుంది. ఈ బలహీనతని దాచకుండా రాసుకోవడమే మనకి కావాల్సింది. ఫలితంతోపాటు అది ఏ దారిలో వచ్చిందో కూడా ఉంటేనే, దాన్ని ఎంత నమ్మాలో మనం తేల్చుకోగలం.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. టీకా వేసుకున్నవాళ్లలో 33 మందికి క్షయ వచ్చింది, 5036 మందికి రాలేదు. మొత్తం 5069. వేసుకోనివాళ్లలో 47 మందికి వచ్చింది, 5761 మందికి రాలేదు. మొత్తం 5808. 33ని 5069తో భాగించండి. వెయ్యి మందికి సుమారు ఆరున్నర. 47ని 5808తో భాగించండి. వెయ్యికి సుమారు 8.1. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.80. అంటే టీకా వేసుకున్నవాళ్లకి క్షయ 20 శాతం తక్కువగా వచ్చింది.

ఇక్కడే ఆగిపోతే హెడ్‌లైన్ రెడీ: "టీకా 20 శాతం పనిచేస్తుంది." కానీ 33, 47 చిన్న అంకెలు. ఒక ఐదారుగురు అటూ ఇటూ అయితే ఫలితం ఊగిపోతుంది. ఆ ఊగడాన్ని కూడా లెక్కేయొచ్చు. అట్లా వేస్తే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే హద్దులు 0.52 నుంచి 1.25. 1 అంటే తేడా లేదని అర్థం. ఆ 1 ఈ హద్దుల లోపలే ఉంది. కాబట్టి మదనపల్లె ఒక్కదాన్నే పట్టుకుని టీకా పనిచేసిందనీ చెప్పలేం, చేయలేదనీ చెప్పలేం.

పదివేల మందిని ఏళ్లతరబడి చూసి చివరికి "చెప్పలేం" అంటే నిరాశగానే ఉంటుంది. కానీ కథ ఇక్కడ అయిపోలేదు.

అదే అక్షాంశం, లక్షన్నర పైన జనం

1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో ఇంకా పెద్ద పరీక్ష మొదలైంది. ఈసారి చీటీ తీసినట్టు, రాండమ్‌గా గుంపులు చేశారు. 1979 నాటికి ఫలితాలు వచ్చాయి. మన టేబుల్‌లో ఇది ఎనిమిదో వరస. టీకా గుంపులో 505 కేసులు, టీకా లేని గుంపులో 499. గుంపుకి 88 వేల పైచిలుకు మనుషులు. నిష్పత్తి 1.01. అంటే ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ దాదాపు సున్నా. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఎందుకంటే బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో ఇదే టీకా క్షయని 76 శాతం తగ్గించింది. అది నాలుగో వరస. 62 కేసులు ఒక పక్క, 248 ఒక పక్క.

ఒకే టీకా. బ్రిటన్‌లో బ్రహ్మాండం, మదనపల్లెలో అంతంతమాత్రం, చెంగల్పట్టులో ఏమీ లేదు. ఎవరు నిజం?

1994లో హార్వర్డ్‌లో గ్రహమ్ కోల్డిట్జ్, ఆయన సహచరులు ఈ 13 పరీక్షల్నీ ఒక్కచోట పెట్టి లెక్క వేశారు. అన్నీ కలిపితే నిష్పత్తి 0.49, హద్దులు 0.34 నుంచి 0.70. మొత్తం మీద టీకా సగం కేసుల్ని ఆపుతోంది. అంతకంటే ఆసక్తికరమైంది ఇంకోటి బయటపడింది. ప్రతి పరీక్ష ఏ అక్షాంశంలో జరిగిందో పక్కన రాసుకుని చూస్తే, భూమధ్యరేఖకి దూరం పోయేకొద్దీ టీకా ప్రభావం పెరుగుతోంది. బ్రిటన్ 52, మదనపల్లె 13, చెంగల్పట్టు 13. వేడి ప్రాంతాల మట్టిలో, నీళ్లలో ఉండే క్షయ క్రిమి చుట్టాలు మన శరీరాన్ని ముందే పలకరించేస్తాయి, అందుకే టీకా కొత్తగా చేయగలిగేది తక్కువ అని ఒక వివరణ ఉంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పసిపిల్లల్లో మెదడుకి పాకే క్షయ లాంటి ప్రాణాంతక రూపాల నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది. మన దేశంలో పుట్టగానే ఆ సూది వేసేది అందుకే. దాన్ని మానుకోమని ఈ లెక్క చెప్పట్లేదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మదనపల్లె టీమ్ తన రిపోర్టులో "20 శాతం రక్షణ" అని ఒక్క ముక్క రాసి వదిలేసి ఉంటే? 1994లో కోల్డిట్జ్‌కి కలపడానికి ఏమీ ఉండేది కాదు. శాతాల్ని శాతాలతో కలపలేం, వాటి వెనక ఎంతమంది ఉన్నారో తెలియాలి. ఫ్రిమోడ్ట్ మోలర్, ఆచార్యులు, పిళ్ళై 1973 రిపోర్టులో మనుషుల సంఖ్యలు అచ్చులో ఉన్నాయి కాబట్టి, ఒంటరిగా ఏమీ తేల్చలేని ఒక పరీక్ష ఇంకో పన్నెండింటితో కలిసి ప్రపంచానికి జవాబు చెప్పింది. 2010లో వోల్ఫ్‌గాంగ్ వీష్ట్‌బాయర్ మెటాఫర్ ప్యాకేజీ గురించి పేపర్ వేసేనాటికి అది పాఠాల్లో ఉదాహరణ అయిపోయింది. ఇవాళ దాన్ని మీరు ఫోన్‌లో నడిపారు.

ఫలితం ఒక్కటే రాస్తే దాని ఆయుష్షు తక్కువ. లెక్క దారి కూడా రాస్తే అది వేరేవాళ్ల చేతుల్లో బతుకుతుంది. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

దారిని కూడా రాయడం ఎట్లా?

కాగితం రోజుల్లో దారి రాయడమంటే టేబుళ్లు అచ్చు వేయడమే. కంప్యూటర్ వచ్చాక దారి కోడ్‌లోకి పోయింది. కోడ్ ఒకచోట, గ్రాఫ్ ఒకచోట, వివరణ ఇంకోచోట. మూడూ విడిపోయాయి.

విడిపోతే ఏమవుతుందో 2013లో ప్రపంచం చూసింది. అప్పులు పెరిగితే దేశాల ఎదుగుదల పడిపోతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పేపర్ వేశారు. దేశాల బడ్జెట్ చర్చల్లో దాన్ని తెగ వాడారు. థామస్ హెర్న్‌డన్ అనే స్టూడెంట్ దాన్ని మళ్ళీ చేద్దామని కూర్చుంటే లెక్క కుదరలేదు. వాళ్లనే అడిగి ఎక్సెల్ ఫైల్ తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాలు పడనేలేదు. డేటా ఎంపికలో ఇంకొన్ని అభ్యంతరాలు కూడా బయటికొచ్చాయి. ఆ ఫైల్ మొదటిరోజే పేపర్‌తోపాటు జనం ముందు ఉంటే మూడేళ్లు పట్టేదా?

కోడ్, జవాబు, మాట మూడింటినీ మళ్ళీ ఒకచోటికి తేవాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1984లో డొనాల్డ్ కనూత్ లిటరేట్ ప్రోగ్రామింగ్ అన్నాడు. ప్రోగ్రామ్ కంప్యూటర్‌కి ఆదేశం మాత్రమే అనుకోకుండా, మనిషి చదువుకునే వ్యాసంలాగా రాయాలన్నది దాని సారం. 1988లో మ్యాథమాటికా సాఫ్ట్‌వేర్ నోట్‌బుక్ అనే రూపంతో వచ్చింది. 2002లో ఆర్ వాడేవాళ్లకి స్వీవ్ వచ్చింది. 2001లో కొలరాడోలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తున్న ఫెర్నాండో పెరెజ్ తన అవసరం కోసం ఐపైథాన్ రాసుకున్నాడు. దానికి 2011లో బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్ తోడైంది. 2014లో జూలియా, పైథాన్, ఆర్ మూడు భాషల పేర్లని గుర్తుచేసేలా జుపిటర్ అని పేరు పెట్టారు. కాలేజీ ల్యాబ్‌లో డేటా సైన్స్ ముట్టుకున్న ప్రతి బీటెక్ స్టూడెంట్‌కీ తెలిసిన పేరే.

జుపిటర్ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. లోపల మాయ ఏమీ లేదు. జేసన్ అనే పద్ధతిలో రాసిన టెక్స్ట్, అంతే. వరసగా సెల్స్ ఉంటాయి. కొన్నింటిలో మన మాటలు, కొన్నింటిలో కోడ్. ప్రతి కోడ్ సెల్ కిందే అది ఇచ్చిన జవాబు దాచి ఉంటుంది, గ్రాఫ్ అయినా సరే. మదనపల్లె వరసని ఇందులో పెడితే ఇట్లా ఉంటుంది: ఒక సెల్‌లో పరీక్ష కథ, రెండో సెల్‌లో నాలుగు అంకెలు, మూడో సెల్‌లో భాగహారం, కింద 0.80.

నిప్పట్ల డబ్బా

సరే, నోట్‌బుక్ రాశారు. మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే ఎవరికి లాభం? జనం ముందు పెట్టాలి. ఇక్కడ స్టాటిక్ సైట్ జనరేటర్ వస్తుంది.

వెబ్‌సైట్లు రెండు రకాలు. మొదటిది హోటల్లో దోసె లాంటిది. మీరు అడిగాక పోస్తారు. వెనకాల సర్వర్ ఉండాలి, డేటాబేస్ ఉండాలి, రెండూ ఎప్పుడూ మేలుకుని ఉండాలి, నెలనెలా బిల్లు కట్టాలి. కట్టేవాడు మానేస్తే దోసె లేదు. రెండోది సంక్రాంతికి చేసి డబ్బాలో పెట్టిన నిప్పట్ల లాంటిది. ఒక్కసారి కూర్చుని అన్నీ చేసేస్తారు. ఎవరొస్తే వాళ్లకి తీసి ఇవ్వడమే. స్టాటిక్ సైట్ అంటే ఇదే. పేజీలన్నీ ముందే తయారైపోయిన మామూలు హెచ్‌టీఎమ్ఎల్ ఫైళ్లు.

2008లో గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుడు టామ్ ప్రెస్టన్ వెర్నర్ జెకిల్ అనే జనరేటర్ వదిలాడు. అదే ఏడాది గిట్‌హబ్ పేజెస్ వచ్చింది. అంటే ఉచితంగా డబ్బా పెట్టుకోవడానికి అలమారా దొరికింది. 2013లో హ్యూగో వచ్చింది. పని చేసే తీరు అన్నింటిదీ ఒకటే. మీరు మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్‌లో పోస్టు రాస్తారు. పైన నాలుగు లైన్లలో టైటిల్, తేదీ, ట్యాగ్‌లు. జనరేటర్ దాన్ని మీ డిజైన్‌లో పోసి పేజీ తీస్తుంది.

ఇప్పుడు రెండు దారులూ కలవాలి. నోట్‌బుక్‌లో జేసన్ ఉంది, జనరేటర్‌కి మార్క్‌డౌన్ కావాలి. మధ్యలో మార్చే పనిముట్టు ఎన్‌బీకన్వర్ట్. మాట సెల్స్ పేరాలవుతాయి, కోడ్ సెల్స్ కోడ్ బ్లాకులవుతాయి, గ్రాఫులు బొమ్మల ఫైళ్లుగా పక్కకి వస్తాయి. మొదట్లో ఇదంతా చేత్తో చేసేవాళ్లు. గ్రాఫ్ లింకులు తెగిపోయేవి, గణిత సూత్రాలు చెల్లాచెదురయ్యేవి. ఆర్ వాడేవాళ్లకి షియే యీహుయ్ 2012లో నిట్టర్, తర్వాత బ్లాగ్‌డౌన్ ఇచ్చి దారి సాఫు చేశాడు. పైథాన్ వాడేవాళ్లకి 2020 ఫిబ్రవరిలో ఫాస్ట్ ఏఐ వాళ్లు ఫాస్ట్‌పేజెస్ వదిలారు. నోట్‌బుక్ ఫైల్‌ని ఒక ఫోల్డర్‌లో పడేస్తే చాలు, గిట్‌హబ్ దానంతట అదే జెకిల్ పోస్టుగా మార్చేసేది.

తమాషా ఏంటంటే ఫాస్ట్‌పేజెస్ 2022లోనే రిటైర్ అయిపోయింది. తయారుచేసినవాళ్లే "క్వార్టోకి మారండి" అన్నారు. క్వార్టో అదే ఏడాది వచ్చిన పనిముట్టు. పైథాన్, ఆర్, జూలియా అన్నింటికీ పనికొస్తుంది, నోట్‌బుక్‌ని నేరుగా సైట్‌గా తీస్తుంది. మరి ఫాస్ట్‌పేజెస్‌తో పెట్టిన పోస్టులు ఏమయ్యాయి? తీసేయనివి ఇంకా తెరుచుకుంటాయి. పొయ్యి ఆరిపోయినా డబ్బాలో నిప్పట్లు అట్లాగే ఉంటాయి కదా. పనిముట్టు పోయినా పేజీ నిలబడుతుంది. నేను స్టాటిక్ సైట్లని ఇష్టపడేది ఇందుకే.

కానీ నిప్పట్లు మెత్తబడతాయి

ఇప్పటిదాకా వింటే నోట్‌బుక్ పెట్టేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కాదు. 2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు గిట్‌హబ్‌లో ఉన్న దాదాపు 14 లక్షల జుపిటర్ నోట్‌బుక్‌లని సేకరించారు. వాటిలో నడపడానికి వీలున్న 8 లక్షల 60 వేల పైచిలుకు తీసుకుని మళ్ళీ నడిపి చూశారు. ఎర్రర్ లేకుండా చివరిదాకా నడిచినవి 24 శాతం. లోపల దాచిన జవాబే మళ్ళీ వచ్చినవి 4 శాతం. నూటికి నాలుగు, గమనించండి.

కారణాలు మనందరికీ తెలిసినవే. ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాయకపోవడం. డేటా ఫైల్ "నా డెస్క్‌టాప్" ఫోల్డర్‌లో ఉండిపోవడం. సెల్స్‌ని కింది నుంచి పైకి, మధ్య నుంచి చివరికి ఇష్టమొచ్చినట్టు నడపడం. ఒక సెల్‌ని చెరిపేసినా అందులో పుట్టిన వేరియబుల్ మెమరీలో ఉండిపోతుంది. మీ స్క్రీన్ మీద అంతా బాగుంటుంది, పక్కవాడి దగ్గర పగిలిపోతుంది.

అందుకే నోట్‌బుక్‌ని పోస్టుగా పెట్టేముందు నాలుగు పనులు తప్పనిసరి. ఒకటి, కెర్నల్ రీస్టార్ట్ చేసి పైనుంచి కిందికి మొత్తం నడపాలి. రెండు, లైబ్రరీల వెర్షన్లు ఒక ఫైల్‌లో రాసి పక్కన పెట్టాలి. మూడు, డేటాని కూడా అదే ఫోల్డర్‌లో ఉంచాలి, లేదా ఎక్కడినుంచి ఏ తేదీన తీసుకున్నారో రాయాలి. నాలుగు, సైట్ కట్టిన ప్రతిసారీ కోడ్ మళ్ళీ నడవాలా, పాత జవాబే ఉంచాలా అన్నది తెలిసి తేల్చుకోవాలి. క్వార్టోలో దీనికి ఫ్రీజ్ అనే సెట్టింగ్ ఉంది. ఫ్రీజ్ చేస్తే రెండేళ్ల తర్వాత లైబ్రరీ మారినా మీ పాత పోస్టు పగలదు.

ఐదో విషయం కూడా ఉంది, అది టెక్నికల్ కాదు. మదనపల్లె వరసలో 10,877 మంది ఉన్నారు. ఒక్కరి పేరూ లేదు, ఊరూ లేదు. 33 అన్నచోట 33 ఇళ్లు ఉన్నాయి, దగ్గుతో నిద్రపట్టని రాత్రులు ఉన్నాయి. వాళ్లెవరో మనకి తెలియదు, తెలియక్కర్లేదు. లెక్కని పూర్తిగా బయటపెట్టారు, మనుషుల్ని బయటపెట్టలేదు. మన కాలంలో దీనికి తలకిందులుగా జరుగుతుంటుంది. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న షీట్‌లు బయట తిరుగుతాయి, లెక్క ఎట్లా వేశారో మాత్రం ఎవరూ చెప్పరు. నోట్‌బుక్ పోస్టు చేసేముందు టేబుల్‌లో ఎవరి పేరైనా కనిపిస్తుందా అని ఒకసారి చూడండి. కనిపిస్తే తీసేయండి.

కుప్పం, పుంగనూరు, మళ్ళీ మదనపల్లె

2002లో కుప్పంలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే ప్రాజెక్ట్ పెట్టాయి. పల్లెల్లో కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు సోలార్‌తో నడిచే కెమెరా, ప్రింటర్ మోసుకెళ్ళి ఫొటోలు తీసి సంపాదించుకున్నారు. ఆ రోజుల్లో ఒక పల్లె తన సమాచారాన్ని ప్రపంచం ముందు పెట్టాలంటే ఒక పెద్ద కంపెనీ, ఒక ప్రభుత్వం, ఒక గడువు, అన్నీ కావాల్సి వచ్చేవి. ఇవాళ మీ చేతిలో ఉన్నదాంతోనే ఆ పని అవుతుంది. గూగుల్ కోల్యాబ్ ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. జుపిటర్‌లైట్ అయితే సర్వర్ అక్కర్లేకుండా మొత్తం బ్రౌజర్ లోపలే నడుస్తుంది. అంటే స్టాటిక్ పేజీ మీదే చదివేవాడు అంకె మార్చి లెక్కని మళ్ళీ నడపొచ్చు. డబ్బాలోని నిప్పట్టుని ఇంకోసారి నూనెలో వేసి కరకరలాడించుకున్నట్టు అనుకోండి.

మరి ఏం రాయాలి? మదనపల్లె టమోటా ధర రాయండి. 2023 జూలై ఆఖరుకి కిలో 200 రూపాయల దగ్గరికి ఎక్కింది. ఇంకో సీజన్‌లో కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. మార్కెట్ ధరలు అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీగా దొరుకుతాయి. ఏ నెలలో పడుతుంది, ఏ నెలలో లేస్తుంది, ఎన్నేళ్లుగా అట్లా ఉంది? వాట్సాప్‌లో ఒక గ్రాఫ్ ఫార్వర్డ్ అయితే దాన్ని ఎవరూ సరిచూడలేరు. అదే గ్రాఫ్ నోట్‌బుక్ పోస్టుగా ఉంటే, మొలకలచెరువు రైతు కొడుకు ఎవరైనా దాన్ని తీసుకుని తన మార్కెట్‌కి మార్చుకుంటాడు.

పుంగనూరు ఆవు గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్ని రీల్స్! ప్రపంచంలో అతి చిన్న ఆవుల్లో ఒకటి అంటారు, లక్షలు పలుకుతుంది అంటారు. పుంగనూరు పేరుతో అమ్ముతున్న ప్రతి పొట్టి ఆవూ పుంగనూరుదేనా? అది తేలాలంటే ఎత్తులు కొలవాలి, ఎక్కడ కొలిచారో ఎప్పుడు కొలిచారో రాయాలి, పదిమందికీ కనిపించేలా పెట్టాలి. ఆరోగ్యవరం వాళ్లు చేసింది కూడా ఇదే పని. మందు మారింది, పశువు మారింది, పద్ధతి అదే.

మీరు పెట్టే నోట్‌బుక్ ఒంటరిగా ఏమీ తేల్చకపోవచ్చు. మదనపల్లె కూడా తేల్చలేదు. 0.52 నుంచి 1.25. అయినా దాన్ని దాచలేదు, గుండ్రంగా చుట్టి గొప్పగా చెప్పలేదు. నాలుగు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేశారు. 21 ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి వాటిని పన్నెండు వరసల మధ్యలో పెట్టారు. మీ లెక్కకి కూడా మిగతా పన్నెండు వరసలు ఎప్పుడో, ఎక్కడినుంచో వస్తాయి. అవి వచ్చినప్పుడు మీ వరస తెరిచి చదవడానికి వీలుగా ఉండాలి. మన చేతిలో ఉన్నది అంతవరకే.

మెటాఫర్ టేబుల్ తెరిచే లింక్, మదనపల్లె నాలుగు అంకెలతో నేను చేసిన నోట్‌బుక్ రెండూ ఈ పేజీలోనే ఉంచుతున్నా. కోడ్ మొత్తం 12 లైన్లు. నడిపి చూడండి, అంకెలు మార్చి చూడండి, నా 0.80 మీకూ వస్తుందో లేదో చూడండి. రాకపోతే కామెంట్‌లో ఊరికే "తప్పు" అని రాయకండి, మీ నోట్‌బుక్ పెట్టండి. దాన్ని నేను నడిపి చూస్తా.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.